పంది కథ, గిత్త కథ

డాక్టర్ కేశవరెడ్డి నవల ఒకటి నాకు నచ్చలేదని చెప్పడానికి ఇన్నేండ్లు పట్టింది. ఆయన బతికున్నప్పుడే చెప్పాల్సింది. ఒకసారి ఉత్తరం మొదలుపెట్టినాను. రెండు పేజీలు రాసి, తిరిగి చదువుకొని, ఇంత పెద్దాయనకు నేను చెప్పేదేముందిలే అని చించేసినాను. 2015 ఫిబ్రవరిలో ఆయన పోయినాడని పేపర్లో చూసిన రోజు ఆ చించిన కాగితాలే గుర్తుకొచ్చినాయి. ఇప్పుడు ఈ పుస్తకానికి మనోళ్ళు ఏదన్నా రాయమన్నారు. నాకు రాయాలని ఉన్నది అదొక్కటే.

ముందు ఆయన నాకెట్ల దగ్గరైనాడో చెప్పాల.

మాది బ్రహ్మంగారిమఠం పక్క. మఠం అంటే అందరికీ వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి, కాలజ్ఞానం గుర్తుకొస్తాయి. కందిమల్లాయపల్లె అనేది ఆ ఊరి పాత పేరు. మాకు చిన్నప్పుడు మఠం అంటే గంపలు అమ్ముడుపోయే చోటు. శివరాత్రికీ, వైశాఖంలో స్వామి ఆరాధనకూ జనం వచ్చినప్పుడు మాయమ్మ గంపలు, చాటలు నెత్తిన పెట్టుకొని తెల్లారకముందే నడిచేది. మా నాయన పందులు మేపేవాడు. మేము ఎరికలోళ్ళం. ఊరికి ఎడంగా, కంపచెట్ల అంచున మా గుడిసెలు.

హాస్టల్లో నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు తక్కువ. 'ఏయ్ పందీ' అంటే అది నేనే. కొన్నాళ్ళకు నేనే పలకడం మొదలుపెట్టినాను. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా తెలుగు అయ్యవారు ఒక సన్న పుస్తకం చేతికిచ్చి, 'చదువు, మళ్ళీ నాకియ్యి' అన్నాడు. అట్టమీద పేరు 'అతడు అడవిని జయించాడు'. మొదట ఏదో వేటగాళ్ళ కథ అనుకున్నాను. తెరిస్తే పందులు.

కథ చిన్నది. ఒక ముసలాయన పందులు మేపుకొని బతుకుతుంటాడు. ఆయనకు పేరు లేదు. ఈనడానికి దగ్గరపడిన పంది ఒకటి పొద్దుగూకినా ఇంటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ ఆయన అడవిలోకి పోతాడు. కథంతా ఆ రాత్రి జరిగిందే. ఆ పంది ఈనింది. నక్కలు చుట్టూ తిరుగుతున్నాయి. కాపాడడానికి వచ్చిన మనిషిని ఆ పంది దగ్గరికి రానీదు. చివరకు ఆయన చేతులతోనే దాన్ని చంపుకోవలసి వస్తుంది. పిల్లలు కూడా దక్కవు. నేను హాస్టల్ వరండాలో దీపం కింద కూర్చొని ఒక్క బిగిన చదివినాను. పంది అనే మాటను ఎవరూ నవ్వకుండా, ముక్కు మూసుకోకుండా అచ్చులో రాస్తారని నాకు అంతకుముందు తెలియదు. అయ్యవారికి ఆ పుస్తకం తిరిగియ్యలేదు. ఆయనా అడగలేదు.

ఎండాకాలం సెలవుల్లో దాన్ని మా నాయనకు చదివి వినిపించినాను. ఆయనకు సంతకం కూడా రాదు. బీడీ ముట్టించుకొని, మంచం కోడుకు ఆనుకొని విన్నాడు. వినడం అంటే కుదురుగా కాదు. ప్రతి పేజీకీ 'ఆగు' అనేవాడు. పంది మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు మోస్తాది, ఆ లెక్క చేతిలో ఉన్నోడు దాన్ని ఆ పూట బయటికెందుకు ఇడిసినాడు అని ఆయన మొదటి తగాదా. ఈనబోయే పంది ముందుగానే ఆకూ గడ్డీ నోట కరుచుకొని పోయి పొదలో పడక చేసుకుంటాది, ఆ జాడ పట్టుకుంటే చాలు కదా అని రెండోది. పంది ముసలాయన మీదికి తిరగబడిన కాడికి వచ్చేసరికి మాత్రం బీడీ ఆర్పేసినాడు.

'మాట్లాడతా పోవాల ఆయప్ప. ఈనిన పంది కాడికి సద్దు చెయ్యకుండా పోతే నక్క వచ్చిందనుకుంటాది' అన్నాడు.

'మాట్లాడతానే ఉన్నాడు నాయనా.'

'అయినా రానీలేదా?'

'రానీలేదు.'

కొంచెంసేపు గమ్మునుండి, 'అవును, ఒగోసారి రానీదు' అన్నాడు. తన పిక్క మీద మచ్చ తడుముకున్నాడు. ఆ మచ్చ యెట్లయిందో నాకు ఆ రోజు దాకా తెలియదు.

అంతా అయినాక అడిగినాడు. 'రాసినాయన యెవురు? మనోడా?'

'రెడ్డి. డాక్టరు.'

'రెడ్డా!' అని ఎంతసేపు నవ్వినాడో! 'రెడ్డికి పంది సంగతి యెవురు జెప్పినార్రా?'

అది నేనూ చాలాసార్లు ఆలోచించిన సంగతే. కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లాలో పుట్టినాడు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఏండ్ల తరబడి డాక్టరుగా పనిచేసినాడు. ఊరు దగ్గరికి రానీయని మనుషుల చర్మాన్ని రోజూ చేత్తో తాకి చూసినవాడు. బహుశా ఆ చేతికే ఇదంతా తెలిసిందేమో. పెద్ద చదువులకు పోయినాక హెమింగ్వే 'ముసలివాడు – సముద్రం' గురించి విన్నాను. ఈ నవలను దానితో పోలుస్తారు. పోలికలు ఉన్నమాట నిజమే. కాని ఆ ముసలాయన చేప ఎముకల గూడునన్నా ఒడ్డుకు తెచ్చుకున్నాడు. మా ముసలాయనకు అదీ మిగల్లేదు.

ఆ తర్వాత ఆయన పుస్తకం యాడ కనపడినా కొన్నాను. ప్రొద్దుటూరు, కడపల్లో పాత పుస్తకాలు కూడా వెతికినాను. 'మూగవాని పిల్లనగ్రోవి' చదివి రైతు మీద మొట్టమొదటిసారి జాలిపడినాను. మాకు రైతు అంటే పంది చేలో పడిందని కట్టె తీసుకొని వచ్చేవాడు. అట్లాంటివాడి మీద నాచేత జాలి పుట్టించినాడంటే ఆయన రాత ఎట్లాంటిదో అర్థం చేసుకోండి. 'చివరి గుడిసె' యానాదుల కథ. ఆ పుస్తకం చదివినాకే మన పెద్దోళ్ళ మీద పెట్టిన నేరస్థ తెగల చట్టం గురించి వెతికి చదువుకున్నాను. 1871లో మొదలై, మద్రాసు రాష్ట్రం దాకా వచ్చి, స్టూవర్టుపురం, కప్పరాళ్ళతిప్ప లాంటి సెటిల్‌మెంట్లకు మనోళ్ళను తోలిన చట్టం. 1952కల్లా దేశమంతటా రద్దయింది. రద్దయిందన్న సంగతి అన్ని స్టేషన్లకూ అందినట్టు లేదు. ఆ మాట ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

ఇట్లా నేను ఆయన పుస్తకాలు పట్టుకొని తిరుగుతున్న రోజుల్లోనే 'మునెమ్మ' వచ్చింది. ముందు 'చతుర'లో, ఆ తర్వాత పుస్తకంగా. చాలాకాలం తర్వాత వచ్చిన నవల. ఎద్దు కథ, సంత కథ, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి కథ అని విన్నాను. పంది గురించి అట్లా రాసినాయన ఎద్దు గురించి ఇంకెట్ల రాసుంటాడో అని బస్సులోనే తెరిచినాను. మైదుకూరు దాటకముందే అనుమానం పట్టుకుంది.

చదవనోళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. మునెమ్మ, ఆమె మొగుడు జయరాముడు. వాళ్ళకొక బొల్లిగిత్త. ఒకరోజు ఆ గిత్త మునెమ్మ పట్ల మగపశువు మాదిరి ప్రవర్తిస్తుంది. జయరాముడు తట్టుకోలేక దాన్ని చావబాది, అమ్మడానికి తోలుకొని పోతాడు. పోయినాయన తిరిగి రాడు. అతన్ని చంపినారు. మునెమ్మ, సినబ్బ అనే పిల్లవాడు జాడ వెతుక్కుంటూ బయల్దేరుతారు. కథ చెప్పేది ఆ పిల్లవాడే. కలలు, శకునాలు దావ చూపిస్తాయి. చివరకు చంపినోళ్ళ మీద పగ తీరుతుంది, ఆ గిత్త చేత.

మొదటిసారి చదివి పుస్తకం మూసి, ఇంకొకరెవరో రాసిన పుస్తకానికి ఆయన పేరు వేసినట్టుందే అనుకున్నాను. రెండోసారి చదివినాను. మూడోసారి మధ్యలో ఆపేసినాను.

నాకెందుకు నచ్చలేదో నాకే తొందరగా తేలలేదు. అప్పట్లో ఆ నవల మీద పెద్ద చర్చ జరిగింది. ఆకాశానికి ఎత్తినోళ్ళు ఉన్నారు, ఆడమనిషికీ గిత్తకూ నడుమ ఆ ముడి పెట్టడం ఏమి న్యాయమని తప్పు పట్టినోళ్ళు ఉన్నారు. మాంత్రిక వాస్తవికత అనే మాట నేను మొదట విన్నది ఆ చర్చల్లోనే. ఇది లాటిన్ అమెరికా రచయితల దావ, మన జనానికి ఎక్కదు అన్నారు కొందరు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. మఠం పక్కన పుట్టినోడికి ఇట్లాంటివి నమ్మడం లాటిన్ అమెరికావాళ్ళు నేర్పాల్నా? యాగంటి బసవన్న రాయి రోజురోజుకూ పెరుగుతోందనీ, కలియుగం ముగిసే కాలానికి లేచి రంకె వేస్తాడనీ వింటా పెరిగినోళ్ళం. బ్రహ్మంగారు పశువులు మేపేటప్పుడు చుట్టూ గీత గీస్తే అవి గీత దాటకుండా మేసేవంట. ఆయన శిష్యుడు కక్కయ్య కథలో చచ్చిన మనిషి లేచి కూర్చుంటుంది. రాతి బసవన్న రంకె వేస్తాడంటే నమ్మే నాకు, ప్రాణమున్న గిత్త పగ తీర్చుకుందంటే నమ్మకం కుదరదా? అందువల్ల కాదు నాకు నచ్చనిది.

పందికి ఆ ముసలాయన ఎవరో తెలియదు. ఏండ్ల తరబడి మేపినాడని దానికి పట్టలేదు. అది పంది మాదిరే ఉంది, తన పిల్లల కోసం. ఆయనకు అడవి తెలుసు, గాలి తెలుసు, పంది తెలుసు, అంత తెలిసినా చాల్లేదు. అందుకే మా నాయన ఆ పుస్తకంతో తగువులాడినాడు. తగువులాడినాడంటే నమ్మినాడనే లెక్క. 'మునెమ్మ'లో గిత్తకు అన్నీ తెలుసు. ఎవరు చంపినారో, యాడున్నారో, ఏం చెయ్యాల్నో. మునెమ్మ దాని వెంట పోతే చాలు. ఇంక ఎవరితోనూ తగువులాడే పని లేదు. అంత తెగువ చేసి మొగుడి చావు గురించి కనుక్కోవడానికి బయల్దేరిన మనిషి, అడగాల్సిన కాడికి వచ్చేసరికి ఆ పని పశువుకు అప్పజెప్పినట్టు అనిపించింది.

ఆడమనిషి మొగుడి చావు గురించి అడగబోతే ఏమవుతుందో ఆయన రాస్తాడని నేను ఎదురుచూసినాను. ఊళ్ళో ఎవరు తలుపేసుకుంటారు, ఎవరు ఒకటికి రెండుసార్లు తిప్పుతారు, కాగితం రాసేవాడు ఏమంటాడు. అది ఆయన కంటే బాగా ఎవరు రాయగలరు? నాకు ఆ ఎదురుచూపు ఊరికే రాలేదు.

మాయమ్మ వాళ్ళ నాయన, అంటే మా అబ్బ, మాయమ్మకు ఏడెనిమిదేండ్లప్పుడే పోయినాడు. పోయినాడు అనేది మేము ఇంట్లో అనుకునే మాట. 1970ల్లో సంగతి. ఒక ఊళ్ళో దొంగతనం జరిగింది. ఆ చుట్టుపక్కల ఎరికలోళ్ళు ఎవరున్నారని చూసి ముగ్గురిని స్టేషన్‌కు తోలుకపోయినారు. ఇద్దరు తిరిగి వచ్చినారు. మూడో రోజు మా అబ్బను ఎద్దుల బండిలో తెచ్చి గుడిసెల ముందర దించి పోయినారు. కడుపునొప్పి అన్నారు. మా అవ్వ రెండుసార్లు పోయి అడిగింది. మూడోసారి పోకుండా కులపెద్దలే ఆపినారు, ఉన్న మొగోళ్ళనన్నా బతకనియ్యి అని. ఆ చావుకు మా ఇంట్లో ఒక్క కాగితం లేదు. ఎంత వెతికినా లేదు. నేను చదువుకొని ఉద్యోగంలో చేరినాక మొదట వెతికింది అదే.

కాబట్టి 'మునెమ్మ' తెరిచినప్పుడు నేను మా అవ్వ కోసం తెరిచినాను. రచయితకు ఆ సంగతి ఏం తెలుసు? ఆయన నాకేమీ బాకీ లేడు. అయినా మనకు నచ్చిన రచయిత మనింటి కథే రాయాలని కోరుకుంటాం. రాయకపోతే అలుగుతాం. నేను అలిగినాను. ఆ చించేసిన ఉత్తరంలో ఉన్నది కూడా అలకే, దానికి విమర్శ అని పేరు పెట్టుకున్నాను.

మా నాయన పోయిన ఏడాది మాయమ్మ నా దగ్గర వచ్చి ఉండింది. చేతిలో గంపల పని లేకపోతే ఆమెకు పొద్దు పోదు. 'మీ నాయనకు సదివినావే, నాకేమన్నా సదువు' అనింది ఒకరోజు. బీరువాలో చేయి పెడితే 'మునెమ్మ' తగిలింది. ఆమెకూ నచ్చదులే, ఇద్దరమూ కలిసి తిట్టుకోవచ్చు అనుకున్నాను. అదీ నిజమే, దాచిపెట్టి ఏం లాభం.

నాలుగు రాత్రులు చదివినాను. మధ్యమధ్యలో మా భాషలోకి తిప్పి చెప్పినాను. మా నాయన మాదిరి 'ఆగు' అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. గిత్త సంగతి మొదట్లో వచ్చినప్పుడు నేను సిగ్గుపడి రెండు వాక్యాలు మింగితే, 'ఏం మింగినావు, సదువు, పశువును యెరగనిదాన్నా నేను' అనింది. పగ తీరే చోటికి వచ్చినప్పుడు ఆమె లేచి కూర్చునింది. నేను చదవడం ఆపితే మోకాలి మీద తట్టింది, ఇంకా పో అన్నట్టు.

అయిపోయినాక నేను మొదలుపెట్టినాను. ఇట్లా జరుగుతుందా మా, గిత్త వచ్చి న్యాయం చేస్తుందా, ఆయన ముందు రాసిన పుస్తకం చూడు ఎట్లుందో, నాయన ఎంత మెచ్చుకున్నాడో. ఆమె నా మాట వింటున్నట్టు లేదు.

'మా నాయన్ను తెచ్చిన బండికి రెండు ఎద్దులు' అనింది. 'ఒగటి తెల్లది, ఒగటి మైల. వంక కాడ తెల్లది నిలబడిపాయ. ముల్లుకర్రతో పొడిసినా కదల్లే. వాడు తోక మెలిపెట్టినాడు. అప్పటికీ కదల్లే. మాయమ్మ ఆ ఎద్దు కాళ్ళు పట్టుకొని యేడిసింది. నేను సూసినా.'

ఆ మాట ఆమె నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. బండి సంగతి తెలుసు, ఎద్దుల రంగు తెలియదు.

'మళ్ళ?' అన్నాను.

'మళ్ళేముంది. కొట్టినారు, నడిసింది.'

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి 'మునెమ్మ' నాలుగోసారి చదివినాను. చెప్పాలంటే, నాకు అప్పుడూ నచ్చలేదు. మాయమ్మ కంట్లో నీళ్ళు చూసినంత మాత్రాన నవల మారిపోదు. గిత్త అన్నీ తెలిసినట్టు నడుస్తూనే ఉంది, మునెమ్మ దాని వెనకే ఉంది. రాత బాగున్న చోట్లు చాలా ఉన్నాయి, పల్లె, దావలు, సినబ్బ మాటలు. ఆ పిల్లవాడి కండ్లతో చూపించడం గొప్ప పనితనం, అది మొదటిసారి చదివినప్పుడు నేను గమనించలేదు. అలకలో గమనించనివి చాలా ఉంటాయి. కాని ఆయన పుస్తకాల్లో నాకు ఒకటి ఇచ్చి మిగిలినవి తీసుకుంటామంటే ఇప్పటికీ పంది పుస్తకమే ఉంచుకుంటాను.

ఈ సంగతి మన రాసేవాళ్ళలో ఒకరిద్దరితో అన్నాను. ఒకాయన, 'మన బతుకు మనం రాయక రెడ్డి డాక్టరు రాయలేదని ఏడుస్తావేమి, మీ అబ్బ కథ నువ్వు రాయి' అన్నాడు. నిజమే అన్నాను. మూడుసార్లు మొదలుపెట్టినాను కూడా. స్టేషన్ దాకా రాస్తాను. లోపల మూడు రోజులు ఏం జరిగిందో నాకు తెలియదు, తెలిసినోళ్ళు చెప్పకుండానే పోయినారు. అక్కడ కలం ఆగిపోతుంది. ఒకసారి, అర్ధరాత్రి, తెల్లెద్దు వంకలో నుంచి వెనక్కి తిరిగినట్టు ఒక పేరా రాసినాను. తెల్లారి చూసుకొని కొట్టేసినాను. కొట్టేసేటప్పుడు మాత్రం కేశవరెడ్డి మీద నాకు కోపం రాలేదు.

మాయమ్మ ఇప్పుడు మళ్ళీ ఊళ్ళోనే ఉంది. చూపు బాగా తగ్గింది, గంపల అల్లిక మాత్రం వేళ్ళే చేసుకుంటాయి. నెలకొకసారి పోతాను. పోయిన ప్రతిసారీ సంచిలో చేయి పెట్టి తడుముతుంది.

'ఆ గిత్త పుస్తకం తెచ్చినావా?'

పోయిన నెల కావాలనే 'అతడు అడవిని జయించాడు' తీసుకపోయినాను. అయ్యవారికి తిరిగియ్యని అదే కాపీ, అట్ట ఊడిపోయింది, మా నాయన బీడీ నిప్పు పడి ఒక పేజీకి బొక్క కూడా ఉంది. ఇది విను మా, నాయనకు చదివినది, నువ్వు అప్పుడు సరిగ్గా వినలేదు అని మొదలుపెట్టినాను. ముసలాయన పందిని వెతుక్కుంటూ నాలుగు అడుగులు వేసినాడో లేదో, ఆమె ఈతబర్ర చీలుస్తున్న చేయి ఆపి అడ్డమొచ్చింది.

'ఇది నాకెందుకురా. ఇది మీ నాయన రోజూ యింటికొచ్చి చెప్పిందే గదా. గిత్తది సదువు.'

సంచిలో అదీ ఉంది. తీసినాను.